నౌపడ నుంచి విజయనగరం: అణువిద్య సీటుకు వర్జ్యం అడ్డొచ్చిన రోజు

మా మేనకోడలు గౌరి ఫిజిక్సులో ఎమ్మెస్సీ చేసింది. యూరప్ దేశాలు కొన్ని తమ జనం కట్టిన పన్నుల సొమ్ము ఒకచోట వేసి అణుపరిశోధన చేయిస్తాయి. ఖర్చులన్నీ భరించి పిల్లలకు శిక్షణ ఇస్తాయి. వాడేసిన అణు ఇంధనాన్ని భద్రంగా దాచే విద్యలో సీటుకు గౌరిని చివరి ఇంటర్వ్యూకి పిలిచారు. కంప్యూటరు తెర మీదే. సమయం తప్పితే మళ్లీ పిలవరు. నౌపడలో గౌరి తండ్రి, అంటే మా బావ ఉప్పుమడుల దగ్గర సిగ్నలు నిలవదు కాబట్టి, పదకొండింటికల్లా విజయనగరంలో నా శిష్యుడి కంప్యూటరు సెంటరుకు చేరాలి.

పొద్దున్నే పాసింజరు ఎక్కితే హాయిగా చేరిపోదుం. గడప దగ్గర బావ అడ్డం నిలిచాడు.

"వర్జ్యం ఉన్నాది. అది దాటేదాకా గుంట కాలు బయటెట్టదు," అన్నాడు కూతుర్ని చూపిస్తూ.

"రైలుకు వర్జ్యం లేదు బావా!" అని గర్జించాను.

"ఊరందరికీ పురాణాలు సెప్తావు, పంచాంగం సూడవేటి?"

మాటల్లోనే రైలు కూతేసి వెళ్లిపోయింది.

వర్జ్యం దాటాక ఆటోలో టెక్కలి, అక్కణ్ణుంచి హైవే బస్సులో శ్రీకాకుళం, అక్కడ దిగి విజయనగరం బస్సు. గౌరి నిమిషానికోసారి ఫోనులో టైము చూస్తోంది. కండక్టరు టికెట్లు కొడుతూ అడిగాడు: "ఏటి బాబూ, పరీచ్చా?"

"అణువిద్య. దేశాలన్నీ కలిసి డబ్బులు పెట్టి నేర్పిస్తాయి."

"అణువంటే బాంబే గదేటి! దానికి దేశాలన్నీ కలిసి డబ్బులెడతాయా?"

అంతే, లేచి నిలబడ్డాను. గుడి మెట్ల మీద పురాణం చెప్పే గొంతు బస్సులో ఆగుతుందా! "పాలసముద్రం చిలికినప్పుడు అందరూ ఒకే తాడు పట్టలేదా? ముందు పుట్టింది అమృతమా? విషం! దాన్ని గొంతులో పట్టినవాడే మన ముఖలింగం స్వామి!"

వెనక సీట్లో వంకాయల గంప పెట్టుకున్న ముసలమ్మ అందుకుంది: "అయితే ఈ గుంట విసం మింగడానికి ఎల్తందేటి?"

బస్సంతా గొల్లుమంది. గౌరి వెనక్కి తిరిగింది. "మింగడానికి కాదు మామ్మా. ఎవులూ మింగకుండా మూతెట్టడానికి."

విజయనగరం ఆర్టీసీ కాంప్లెక్సులో దిగి ఆటోను పరుగెత్తించి, పిలుపుకు కాస్త ముందే కుర్చీలో కూర్చోబెట్టాను. ఈ చదువే ఎందుకని తెర మీది ఒకావిడ అడిగిందట. గౌరి పాలసముద్రం, ముసలమ్మ, మూత, అన్నీ చెప్పింది. గుమ్మం బయట కూర్చున్న నాకు ఇంగ్లీషు అంతంతమాత్రం; అవతలి నవ్వులు మాత్రం బాగా అర్థమయ్యాయి. సాయంత్రానికి మెయిలు వచ్చింది. సీటు ఖాయం! నేను పెట్టిన హరహర మహాదేవకు పక్క కొట్లవాళ్లు బయటికొచ్చారు.

బావకు ఫోను చేశాను. "సూసినావా? వర్జ్యం దాటి ఎల్లారు కాబట్టే!"

విరుచుకుపడదామని నోరు తెరిచి ఆగాను. రైలు దొరికి ఉంటే ఆ బస్సు లేదు, ముసలమ్మ లేదు, ఆ మాటా లేదు. "నిజమే బావా," అన్నాను. వాదనలో నేను తగ్గడం మా ఇంట్లో అదే మొదలు.

విషానికి జడిసి తాడు వదిలేస్తే అమృతం ఎవరికీ దక్కదు. దాన్ని అదుపులో పెట్టేవాళ్లను తయారుచేయడానికి జనమంతా తలా ఒక చెయ్యి వేయడం ధర్మం. ఏ వేదికెక్కినా ఇదే చెబుతాను. ఈసారి తాడు పట్టిన చేతుల్లో మా ఉప్పుమడుల గుంట చెయ్యి కూడా ఉంది.

ఇలాంటి పని మీద వెళ్లేవారికి ఒక్క సలహా: ఇంట్లో పంచాంగం చూసేవారుంటే ముందురోజే విజయనగరం చేరి పడుకోండి. బస్సులో ముసలమ్మ ప్రతిసారీ దొరకదు.