అక్క నమిలిన వేపాకు

మా చిన్నప్పుడు... వేరుశనగ చెట్లు పీకి చేలోనే కుప్పలు వేసేవాళ్ళం. తొంభైల చివర ఒక ఏడాది వానల్లేక కాయలన్నీ గింజ లేని లొట్టలే. చెట్టు పశువుల మేతకైనా పనికొస్తుందని ఆ పొద్దున ఇంటిల్లిపాదీ కుప్పలు ఎత్తుతున్నాం.

అక్కకు పదిహేనేళ్ళు. కుప్ప కింద చెయ్యి పెట్టి "ఏందో చురుక్కుమన్యాదే" అంది. చూస్తే కట్లపాము... జరజరా గట్టు వైపు పోతోంది. అక్క చేతికి వాపు లేదు, నొప్పీ లేదు.

మా వైపు పాము కరిస్తే ముందు వేపాకు నమిలిస్తారు. చేదు తెలిస్తే విషం ఎక్కనట్టు... తియ్యగా ఉంటే ఎక్కినట్టు. అవ్వ పరుగున పోయి వేపరెమ్మ విరుచుకొచ్చి అక్క నోట్లో కుక్కింది.

"ఎట్లుండాదే?"

"థూ... చేదవ్వా! కావాలంటే నువ్వు తిని చూడు."

అందరం నవ్వాం. నాయన "ఏం కాల్యాదులే, నీడకు పోయి కూచో పాపా" అని మళ్ళీ పనిలో పడ్డాడు.

నాయన తెలివితక్కువవాడేం కాదు. మండలంలో ఆసుపత్రి ఉండేది... డాక్టరు ఎప్పుడొస్తాడో దేవుడికెరుక. అనంతపురం పోవాలంటే బస్సు పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. అలాంటి చోట వేపచెట్టే డాక్టరు! తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

ఎండెక్కేసరికి అక్క కళ్ళు మూతలు పడుతున్నాయి. నిద్రేమో అనుకున్నాం... నీళ్ళిస్తే మింగలేకపోయింది.

"ఏమయ్యో, పాప మింగల్యాకుండాది! యాడన్నా బండి చూడు!" అని అమ్మ పెట్టిన కేక నా చెవుల్లోంచి పోదు.

ఊరంతా తిరిగితే ఒక ట్రాక్టరు దొరికింది. నేనూ ఎక్కాను. మండలం ఆసుపత్రిలో నర్సమ్మ బయటికొచ్చి చూసి "ఈడ పాము మందు ల్యాదన్నా, అనంతపురం పోండి, నిలబడొద్దండి" అంది. పాపం, ఆమె మాత్రం ఏం చేస్తుంది...

గుంతల దారిలో ట్రాక్టరు ఎంతని పరుగెత్తుతుంది? అనంతపురం ఇంకాస్త దూరం ఉందనగా, బుక్కరాయసముద్రం చెరువు దగ్గరికొచ్చేసరికి అమ్మ ఒళ్ళోనే అక్క ఊపిరి ఆగింది. నాయన మాత్రం ట్రాక్టరు ఆపనివ్వలేదు.

పట్నంలో డాక్టరు నాడి చూసి తలొంచుకున్నాడు. వేపాకు సంగతి నాయనే చెప్పాడు.

"విషమెక్కినా చేదు తెలుస్తాదప్పా. కరిసినప్పుడే తెచ్చింటే... మందుండాది ఈడ" అన్నాడాయన.

మందు ఉంది. అక్క లేదు. నాయన ఆసుపత్రి మెట్ల మీద కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఆయన ఏడవగా చూడటం నాకు అదే మొదలు.

ఇప్పుడు ఫోన్ చేస్తే అంబులెన్సు చేను దాకా వస్తోంది. మా మండలంలోనూ ఆ మందు పెట్టారట. సంతోషమే... కానీ కడుపు మండే సంతోషం.

వైద్యం అందక మీ ఇంట్లో ఎవరైనా పోయి ఉంటే, కింద వాళ్ళ పేరు రాయండి. కథ రాయలేకపోతే పేరొక్కటే చాలు... చదువుతాను.

మా అక్క పేరు వన్నూరమ్మ.