తాళానికి వెనుక నడచిన గొంతు

అమెరికా గాయకుడొకని జీవితాన్ని గూర్చి రాజాం కళాశాలలో ప్రసంగించుమని అక్కడి ఆంగ్లోపన్యాసకుడు కోరినప్పుడు కాదనలేకపోయాను. ఆయన నా పూర్వశిష్యుడు. పద్యం చెవికెక్కినవానికి ఏ పాటయినా ఒకటేనని ఆయన నమ్మకం.

పుస్తకం తెప్పించి చదివాను. వలస వచ్చిన బీదయింట పుట్టి, మధుశాలల్లో పాడి, యౌవనంలో దేశాన్ని వెర్రెత్తించి, నడిమి వయస్సున గొంతు పోగొట్టుకొని, మరల తెచ్చుకొన్నవాడు. డెబ్బయి దాటినా వేదిక దిగలేదు. జీవితం బోధపడింది, పాటే బోధపడలేదు. నౌపడలో మా వీధి అరుగుపై కూర్చుండి, అతడు ముసలితనంలో పాడిన పాటలను సెల్‌ఫోనులో మూడు దినాలు విన్నాను. తొడపై వేస్తున్న తాళానికి అతని మాట ప్రతి చరణంలోను వెనుకబడుతూనే ఉన్నది. లేచి తిరిగాను, మరల కూర్చున్నాను. చివరకు, వార్ధక్యంలో లయ తప్పినవాడు సభ వీడుట మర్యాద అని ముగింపు వ్రాశాను. క్రిందటి ఉగాది సభలో సీసపద్యం నడుమ నాకే ఊపిరందక ఆగిపోవలసి వచ్చింది. ఈ ప్రసంగమే నా కడపటిదని ఇంట చెప్పి ఉన్నాను.

చేపల తట్ట దించి మా అరుగున సేదదీరే ఆవిడ నా యీడుదే.

"ఏటి మేస్టారూ, తొడ వాసిపోతాది. ఎవుల మీద కోపం?"

"వీడు తాళం తప్పుతున్నాడమ్మా."

ఆమె కాసేపు విన్నది. "తప్పట్నేదు. మావోలు వల లాగినప్పుడు సూడనేదేటి? తాడు బిగిసేక ఊపిరి తీస్తారు, అప్పుడు పాట అందుకుంతారు. తాడు కంటే ముందు నోరు లెగిస్తే బుజం ఊడిపోతాది. సదువుకున్నోలు, మీకేటి తెలుస్తాది."

అతడు ముప్పయ్యో యేట పాడిన పాట వెదికి విన్నాను. అందులోను అదే ఆలస్యం. అది ముసలితనం కాదు, అతని నడక. ముగింపు కొట్టివేశాను. దాని చోట పెట్టడానికి మరొక వాక్యం దొరకలేదు. రాజాం వెళ్లే బస్సులో ఆ కాగితాన్ని తీస్తూ, మడుస్తూ కూర్చున్నాను.

సభలో అతని కథ చెప్పి, ముగింపు లేక సీసపద్యమొకటి ఎత్తుకొన్నాను. మూడవ పాదంలో ఊపిరి తగ్గింది. ఆగాను. మరచితినని తలచి ఉపన్యాసకుడు నీళ్ల గ్లాసుతో లేచాడు. అరచేయి చూపి కూర్చోమన్నాను. ఎవరో దగ్గారు, కుర్చీలు కదిలాయి. ఊపిరి వచ్చిన తరువాతనే తక్కిన పాదం అందుకొన్నాను.

వేదిక దిగుతుండగానే పార్వతీపురం వారు మరొక సభకు పిలిచారు. ఆలోచించి చెబుతానన్నాను. వారం దాటింది. రోజూ ఫోను తీస్తున్నాను, మరల పెట్టేస్తున్నాను.