తప్పు గోడది, గీతది కాదు

మొదటి జర్మనీ యుద్ధం ముగిసి విషజ్వరం ఊళ్ళమీద పడిన ఏడాది మొదలుకొని, రెండవ జర్మనీ యుద్ధంలో కిరసనాయిలుకు చీటీలు పట్టుకొని జనం బారులు తీరిన దినాల వరకు, నడుమ పెన్న ఎన్నిమార్లు ఎండి ఎన్నిమార్లు పొంగినా, కడప వీధుల్లో జట్కాల పక్కన మోటారు బస్సులు వచ్చి నిలిచినా, మా బడిలో హెడ్మాస్టర్లు ఏడుగురు మారినా, గణితోపాధ్యాయులు కోసిగి బసవన్నగారు ఒక్క అలవాటును మాత్రం మార్చుకోలేదు: చదరపు బండలు పరచిన నేల కనబడితే చాలు, జేబులోని సుద్దముక్క తీసి, వంగి, దానిమీద ఒక వంపు గీత గీసేవారు.

ఆ గీతకు పరావలయమని పేరు. ఏ సంఖ్యనైనా తీసుకొని, అన్ని బండలు పక్కకు జరిగి, దాన్ని దానితోనే హెచ్చవేసి, వచ్చినన్ని బండలు పైకి లెక్కపెట్టి చుక్క పెట్టాలి. ఒకటికి ఒక బండ, రెంటికి నాలుగు, మూటికి తొమ్మిది. సున్నకు ఎడమవైపున్న ఋణసంఖ్యలకూ అంతే, ఎందుకంటే ఋణాన్ని ఋణంతో హెచ్చవేస్తే ధనమే. చుక్కలన్నీ కలిపితే రెండు రెక్కలూ సమంగా పైకెగసిన వంపు వస్తుంది. అట్టడుగు బిందువును శీర్షమంటారు. అడుగున ఉన్నదానికి శీర్షమని పేరేమిటని నేనొకమారు ఆక్షేపిస్తే, శీర్షాసనం వేసిందనుకోండి సామీ అన్నారు. తెలుగు పండితుణ్ణి నేను, ఆ వ్యుత్పత్తి ఒప్పుకొన్నాను.

మాది బండల సీమ. ధనికుని మేడకూ పేదవాని వసారాకూ నేల ఒక్కటే, నల్లని కడపరాయి. కనుక బసవన్నగారి సుద్దకు తావు కొదవ లేదు. గుడ్డల అంగడి నాగప్ప కూతురి పెండ్లిలో, విస్తళ్ళు వేయకముందే ఆయన పందిట్లో గీత గీసి మంచినీళ్ళకు వెళ్ళారు. అది యజమాని పెట్టించిన గుర్తనుకొని వడ్డనవాళ్ళు విస్తళ్ళన్నీ ఆ వంపు వెంట వేశారు. సరిగా శీర్షం దగ్గర కూర్చున్నది పెండ్లికూతురి తాత బొజ్జన్న. ఎడమ రెక్క వెంట దిగివచ్చినవాడూ, కుడి రెక్క వెంట దిగివచ్చినవాడూ ఇద్దరూ ఆయన విస్తట్లో నెయ్యి గుమ్మరించారు. ఇంత మర్యాద నా పెండ్లిలో గూడా జరగల్యా అని ముసలాయన కండ్లనీళ్ళు పెట్టుకొన్నాడు.

బడిలో ఆయన గీతకు పిల్లలే చుక్కలు. ఒక్కొక్కరికి ఒక సంఖ్య ఇచ్చి, దాని వర్గమెంతో అన్ని బండలు నడిచి నిలబడమనేవారు. తరగతి గది పొడవు పది బండలే. మూడు అంకెవాళ్ళు గోడ దగ్గరకు చేరుతారు. నాలుగువాళ్ళు పదహారు నడవాలి గనుక వసారాలోకి పోవాలి. ఐదువాళ్ళకు ఇరవైఐదు బండలు కావాలి, ఆ లెక్కకు హెడ్మాస్టరు గది వస్తుంది. ఒకనాడు బడి తనిఖీకి వచ్చిన పరీక్షాధికారి దొర ఆ గదిలో కూర్చొని కాఫీ తాగుతుండగా ఒక విద్యార్థి లోపలికి వచ్చి కుడిపక్కన కదలక మెదలక నిలబడ్డాడు. ఎవరు నీవని దొరగారు అడిగారు.

“ఐదు సార్.”

ఆయన తేరుకొనేలోగా ఇంకొకడు వచ్చి ఎడమపక్కన నిలబడ్డాడు.

“నేను మైనస్ ఐదు సార్.”

విచారణ జరిగింది. గది చాలనప్పుడు ఈ పాఠమెందుకని హెడ్మాస్టరు మందలిస్తే, బసవన్నగారు నెమ్మదిగా ఒక్కమాట చెప్పారు. “తప్పు గోడది సార్, గీతది కాదు. గీత పోవాల్సిన తావుకే పోతాండాది.” నాటినుంచి ఆ మాట బడిలో సామెత అయింది. ఆలస్యంగా వచ్చిన పిల్లవాడు గూడా తప్పు గోడదని చెప్పుకొనేవాడు.

ఇక మా ఇంటి సంగతి. మా అమ్మాయి గంగాదేవి బుద్ధిమంతురాలు. మూడవ ఫారంతో నేను చదువు మాన్పించాను. ఆపైన ఉన్నది మగపిల్లల బడి. కావ్యాలు నేనే చెప్పాను. ఇంగ్లీషూ చరిత్రా చర్చి వీధినుంచి కృపమణి టీచరమ్మ వచ్చి చెప్పేది. అమ్మాయికి ఒకటే కోరిక, స్కూలు ఫైనలు పరీక్షకు ప్రైవేటుగా కట్టాలని. ఒక సాయంత్రం బసవన్నగారు మా వసారాలో కూర్చొని ఉండగానే ఆ మాట మళ్ళీ ఎత్తింది. నా చేతిలో పురాణగ్రంథం ఉంది. దాని సాక్షిగా పలికాను: “లెక్కలెవరు చెబుతారమ్మా? పరాయి మగవాడు నీ ఎదుట కూర్చొని చెప్పడం నా ఇంట జరగదు. వాటంతట అవి నీకు వస్తే, నిక్షేపంగా కట్టు. నేనే సంతకం చేస్తాను.”

అమ్మాయి తలవంచుకొని లోపలికి వెళ్ళిపోయింది. బసవన్నగారు మా వసారా బండలవంక చాలాసేపు చూశారు.

మరునాటినుంచి నాకు గ్రహచారం పట్టింది. రోజూ దీపాలవేళకు ముందు ఆయన వచ్చి, సామీ, మీరు ఇంత విద్వాంసులై పరావలయం తెలియకుండా పోగూడదు అని, నా కాళ్ళముందు గీత గీసి పాఠం మొదలుపెట్టేవారు. వద్దంటే వినరు. త్రైరాశికంతో ఆరంభించినా, వడ్డీ లెక్కతో ఆరంభించినా, చివరకు ఆ వంపులోనే తేలేవారు. ముఖం మాత్రం నావైపు ఉండదు. నడవ తలుపు వైపు ఉంటుంది. కంఠం వీధి చివరకు వినబడుతుంది.

“సామీ, కుండలీకరణంలో మైనస్ మూడు ఉంటే గీత ఎడమకు పోతాదని అందరూ అనుకుంటారు. పోదు. ఎక్స్ మూడు అయినప్పుడే గదా లోపల సున్న అయ్యేది. అందుకే కుడికి మూడు బండలు. ఇనపడుతాండాదా?”

వినబడుతున్నదని నేను మొత్తుకొనేవాణ్ణి. వారం తిరక్కుండానే పండితులవారికి చెవుడు వచ్చిందని వీధంతా పొక్కింది. మజ్జిగ తెచ్చే హనుమమ్మ వెల్లుల్లి కాచిన నూనె తెచ్చి, పొద్దున రెండు సుక్కలు, మాపున రెండు సుక్కలు ఎయ్యి సామీ అని నా చెవి దగ్గర అరిచింది. అరుగుమీద జపం చేసుకొంటుంటే దారినపోయేవాళ్ళు చేతులతో సైగలు చేసి కుశలమడిగేవారు. పౌరోహిత్యానికి పిలిచినవాళ్ళు ముహూర్తం పలకమీద రాసి చూపేవారు.

అంతటితో పోలేదు. గీతకు నడుమ, రెండు రెక్కలూ సమంగా మడతపడే చోట, బసవన్నగారు ఇటికముక్కతో ఎర్రని నిలువుగీత గీసేవారు. అటూ ఇటూ తెల్లని వంపు, నడుమ ఎర్రని గీత: సాక్షాత్తు తిరునామం. తరతరాలుగా విభూతి పెట్టే ఇల్లు మాది. గీసినాయన నుదుటా మూడు విభూతిరేఖలే. అయినా, పండితులవారు వైష్ణవం పుచ్చుకొన్నారట అని నాలుగు వీధుల అవతల నా బావమరిది విని, నిలదీయడానికి బండి కట్టించుకొని వచ్చాడు. నా భార్య తిరుపతమ్మ మాత్రం, నాకు పేరుకు తగిన వాకిలి ఇప్పటికి కుదిరిందని నవ్వింది.

ఇంకొక విడ్డూరం. వెళ్ళేటప్పుడు ఆయన ఎన్నడూ గీత పూర్తిచేసేవారు కాదు. ఎడమ రెక్క గీసి, కుడిది వదిలి, తక్కింది రేపు చూద్దాం అని లేచేవారు. తెల్లవారి చూస్తే కుడి రెక్క ముగ్గుపిండితో పూర్తయి ఉండేది, ఒక్క చుక్క తప్పకుండా. నేను ఆశ్చర్యపడలేదు. సగం ముగ్గును చూసి ఊరకుండగల ఆడది మన దేశంలో లేదు గదా, తిరుపతమ్మే తీర్చి ఉంటుందని సమాధానపడ్డాను. ఆ మాటే బసవన్నగారికి సగర్వంగా చెప్పాను. ఆయన ముగ్గుమీదికి వంగి ఒక్కొక్క చుక్కా లెక్కపెట్టి, “మీ ఇంట్లోవాళ్ళ చెయ్యి శానా నికరం సామీ” అన్నారు.

ఇట్లా రెండేండ్లు నడిచింది. వందల పరావలయాలు నా కాళ్ళముందు పుట్టి నీళ్ళలో కలిసిపోయాయి. అమ్మాయి పరీక్ష ఊసెత్తడం మానివేసింది. మరచిపోయిందని నేను లోలోపల సంతోషించాను.

ఆనాడు ఆయన కొంచెం ఆందోళనగా వచ్చారు. కూర్చోకుండానే లెక్క చెప్పారు: ఎక్స్ వర్గం, అందులోంచి ఆరు ఎక్స్‌లు తీసివేయాలి, ఐదు కలపాలి. దాన్నే మార్చి రాస్తే, ఎక్స్‌లో మూడు తీసి వర్గం చేసి, దానిలోంచి నాలుగు తీసివేయాలన్నారు. “కాబట్టి సామీ, శీర్షం మూడు బండలు ఎడమకు, నాలుగు బండలు కిందికి.” అని, ఎడమవైపున చుక్క పెట్టి, సుద్ద పట్టుకొని ఆగారు.

బాగుందని నేను తల ఊపాను. రెండేండ్లుగా నేను చేస్తున్నది అదే.

నడవ తలుపు వెనక గాజులు కదిలాయి. బసవన్నగారు ఎడమనుంచే గీత మొదలుపెట్టారు. గీత ఒక బండ దాటింది, రెండు బండలు దాటింది.

“మాస్టరుగారూ, కుడికి. మూడు కుడికి రావాలి.”

అది మా గంగ గొంతు. నేను తలుపువంక చూశాను. బసవన్నగారు ఇంటికప్పు వంక చూశారు.

“సామీ, మీ బండలు పలుకుతాండాయి” అన్నారు.

అమ్మాయి గడప దాటి వచ్చింది. చేతివేళ్ళకు ముగ్గుపిండి, చేతిలో కృపమణి టీచరమ్మ తెచ్చిన దరఖాస్తు. ఎవరు నేర్పారని అడిగాను. నా కంఠం నేననుకొన్నంత కఠినంగా రాలేదు.

“ఎవరూ నా ఎదుట కూర్చొని చెప్పలేదు నాయనా. మీకు చెబుతుంటే నాకు వచ్చాయి. వాటంతట అవే.”

నాకు అన్నీ ఒక్కసారిగా బోధపడ్డాయి. ఆ కేక, ఆ సగం గీతలు, హనుమమ్మ నూనె, నా బావమరిది బండి. శ్లోకం చదివి చతుర్విధార్థాలు తీయగలవాణ్ణి, నా ఇంటి ముగ్గు చదవలేకపోయాను. కోపం కోసం వెదికాను, దొరకలేదు. పలికిన మాట ఉంది, సాక్షి అయిన గ్రంథం పక్కనే పీటమీద ఉంది. కలం తెమ్మన్నాను.

“తప్పు గోడది, బసవన్నా” అన్నాను సంతకం చేస్తూ.

“ఆ మాట అనేదానికి మీకు రెండేండ్లు పట్టింది సామీ. మా ఐదో నంబరు పిల్లోడు నయం. గోడ అడ్డమొస్తే తలుపు ఎతుక్కున్యాడు.”

అమ్మాయి లోపలికి వెళ్ళాక నాకొక సందేహం మిగిలింది. ఇరవైఐదేండ్లుగా ఒక్క చుక్క తప్పుచోట పెట్టనివారు, ఆనాడు కుడికీ ఎడమకూ ఎట్లా పొరబడ్డారని అడిగాను. ఆయన చెప్పులు తొడుక్కొంటూ ఇటూ అటూ చూసి గొంతు తగ్గించారు. రెండేండ్లలో ఆయన గొంతు తగ్గడం అదే మొదలు.

“దరకాస్తుకు మూడు దినాలే గడువు ఉండాది. పాప నోరు తెరిచేది ఎట్లా? ఏమన్నా ఓర్చుకుంటాది గానీ, శీర్షం తప్పుంటే ఓర్చుకోలేదు. అందుకని... సామీ, ఒకటి అడుగుతా. నేను తప్పు పెట్టినానని బడిలో మాత్రం చెప్పగాకండి.”

ఆ మాట నేటివరకూ కాపాడాను. ఇప్పుడాయన పింఛను పుచ్చుకొని సొంత ఊరు కోసిగి చేరారు గనుక, గంగాదేవి ఆడపిల్లల బడిలో లెక్కల పంతులమ్మ అయి ప్రతి తరగతి నేలనూ సుద్దతో పాడుచేస్తున్నదని పై అధికారులు నాకే ఫిర్యాదు పంపుతున్నారు గనుక, బయటపెట్టాను. ఆయన క్షమించాలి. మా వీధివాళ్ళు మాత్రం నేటికీ నాతో అరిచే మాట్లాడుతారు.

సర్వేశ్వరుడు బసవన్నగారికీ, ఆయన ఇల్లాలు సుబ్బక్కకూ, వారి బిడ్డలకూ నూరేండ్లు ఆయువిచ్చుగాక. కోసిగి చేలమీద వానలు వేళకు కురియుగాక. ఆ ఇంటి రాత ఎన్నడైనా కిందికి వంగితే, శీర్షం దగ్గర ఒక్క క్షణం ఆగి, మళ్ళీ పైకే ఎక్కుగాక. వారి నేల నిండా చదరపు బండలుండుగాక, వారి గోడలన్నిటికీ తలుపులుండుగాక.