ఓడకు ఇరవై ఎనిమిది బొక్కలు

పోలారావు చేతుల మీద తయారైన అరవై మూడు పడవలు సముద్రంలోకి వెళ్లాయి. ఇప్పుడు ఒక్కటీ లేదు. కొన్ని పుచ్చిపోయాయి. కొన్నిటిని తుపాను ముక్కలు చేసింది. మిగిలినవాటిని, ఫైబర్ పడవలు వచ్చాక, కట్టెల కింద కోసి జీడిపిక్కల బట్టీల్లో తగలబెట్టారు. వజ్రపుకొత్తూరు తీరంలో చెక్క పడవ కట్టించుకునేవాడు లేక ఏడేళ్లయింది. యాభై రెండేళ్ల పోలారావుకు పనీ పోయింది, కిడ్నీలూ పోయాయి. ఉద్దానంలో ఆ రెండోది పెద్ద వార్తేమీ కాదు.

అందుకే కాశీబుగ్గ నుంచి జగదీశ్వరరావు వచ్చి ఓడబొమ్మ చేసిపెట్టమంటే, కూలి సంగతి ఎత్తకుండానే ఒప్పుకున్నాడు. జగదీశ్వరరావు నేవీలో చేసి రిటైరైన మనిషి. కొత్తింటి హాల్లో అద్దాల పెట్టె ముందే చేయించి పెట్టుకున్నాడు. అందులోకి తెరచాపల కాలం నాటి యుద్ధనౌక కావాలి. మూడు తెరచాప కొయ్యలు, పక్కకు పద్నాలుగు చొప్పున ఫిరంగులు. పుస్తకంలోని బొమ్మల్ని జెరాక్సు తీయించి తెచ్చాడు.

"అద్దాల్లో ఉంటాది గదా బాబూ, పుచ్చదు కదేటి?" అన్నాడు పోలారావు.

"నా తరవాత నా మనవలు కూడా చూసుకుంటారు."

ఆ మాట చాలింది. అరవై నాలుగోదైనా మిగులుతుంది.

పనసచెక్క తీసుకుని పని మొదలుపెట్టాడు. మంగళ, శుక్రవారాలు విశాఖ ఆసుపత్రిలో రక్తం శుభ్రం చేయించుకోవాలి. ఆ మర్నాడంతా మంచమే. మిగిలిన మూడు రోజుల్లోనూ ఎండెక్కేదాకానే చేతుల్లో సత్తువ. ఒకప్పుడు బాడిసతో దుంగలు చెక్కిన చెయ్యి ఇప్పుడు వేలెడు ఉలికే అలిసిపోయేది. అలాగే వెన్నుదూలం నిలబెట్టాడు, పక్కటెముకలు బిగించాడు, అగ్గిపెట్టె వెడల్పు పలకలు ఒక్కొక్కటే అతికాడు. పలకకీ పలకకీ మధ్య దూది కూరి గుగ్గిలం పట్టించాడు.

"అద్దాల పెట్టిలో పెట్టేదానికి గుగ్గిలమెందుకు మావా? అందులో అలలొత్తాయేటి?" అంది భార్య దమయంతి.

"అలవాటే."

"నీ అలవాటు సల్లగుండ. నాను పిక్కల పనికెల్తన్నాను. నీళ్లు ఆ సెంబుడే. మళ్లీ తాగీసి కాళ్లుబ్బించుకోకు."

ఆర్నెల్లకి ఓడ నిలబడింది. దమయంతి పాత తెల్లచీర తెరచాపలైంది. జగదీశ్వరరావు చూడడానికొచ్చి చుట్టూ రెండుసార్లు తిరిగాడు. తిరిగినంతసేపూ మొహం వెలిగిపోయింది. తరవాత వంగి ఓడ పక్కన వేలు పెట్టి నొక్కాడు. అక్కడ వరసగా నల్లటి చదరాలు.

"ఇదేంటి పోలారావ్? రంగా?"

"ఫిరంగీలు బాబూ."

"ఫిరంగులు ఇలా ఉంటాయా? బొమ్మలో చూడు. తలుపులు తెరుచుకుని, మూతులు బయటికి రావాలి. ఇవి లేకపోతే యుద్ధనౌక ఎలా అవుతుంది? కొబ్బరికాయల పడవ అవుతుంది."

"నీటికంత దగ్గర బొక్కలెడితే మునిగిపోద్ది బాబూ."

"అద్దాల పెట్టెలో ఎందుకు మునుగుతుందయ్యా!"

పోలారావు నల్లచదరాన్ని బొటనవేలితో తుడిచాడు.

"దసరాకి చుట్టాలొస్తున్నారు. అప్పటికి కాకపోతే చెప్పెయ్. విశాఖలో రెడీమేడ్ కొనుక్కొస్తాను. పెట్టె ఖాళీగా ఉంచలేను."

ఆయన వెళ్లాక పోలారావు ఉలి తీసుకున్నాడు. నల్లచదరం మీద ఆనించాడు. తీసేశాడు. ముప్పై ఏళ్లు పడవలకు పడ్డ బొక్కలు పూడ్చిన మనిషి. ఉన్న గోడకు కావాలని బొక్క పెట్టడం అతని చేతికి రాదు. రెండు వారాలు గడిచాయి. సత్తువున్న రోజల్లా ఆనించడం, తీసెయ్యడం. దసరా దగ్గరపడింది. ఓడ మూల కూర్చుంది. ఇదీ బట్టీలోకే పోతుందేమోనన్న నీరసం అతన్ని పట్టుకుంది.

మంగళవారం విశాఖకు బావమరిది ఢిల్లీబాబు తోడొచ్చాడు. ఫైబర్ పడవ మీద వేటకెళ్తాడు. నోరు ఊరుకోదు. మంచం పక్కన కూర్చుని, బావ చేతికి గుచ్చిన రెండు సూదుల వంక చూశాడు.

"వారానికి నాలుగు బొక్కలు బావా. ఈపాటికి నువ్వు జల్లెడైపోవాల. మునిగినావేటి?"

"నాను మునిగేదాకా నీ నోరు మూతపడదు గదరా."

పని అయ్యాక నర్సు సూది లాగి, దూది పెట్టి, పది నిమిషాలు వేలితో గట్టిగా అదిమి పట్టుకుంది. పోలారావు ఆ వేలునే చూస్తూ ఉండిపోయాడు.

"ఒరే, తలుపుకి లోపలంచు కట్టి, అంచుకి దూది ఎడితే?"

"ఏ తలుపుకి బావా? ఆసుపత్రి తలుపుకా?"

గురువారం పొద్దున్న మొదటి బొక్క పెట్టాడు. దసరా ముందురోజుకు ఇరవై ఎనిమిదీ అయ్యాయి. ఒక్కోదానికి గోరంత తలుపు, దానికి లోపలంచు, అంచు చుట్టూ నూనెదూది. మూస్తే టప్పున బిగిసిపోయేవి. పాడైపోయిన గొడుగుల గొట్టాలు కోసి ఫిరంగులు చేశాడు. వలకు కట్టే సీసం గుళ్లు ఓడ కడుపులో బరువుకి వేశాడు.

జగదీశ్వరరావు తీసుకెళ్లడానికొస్తే పోలారావు అడ్డంగా నిలబడ్డాడు.

"ఉప్పునీరు తగలకుండా మా ఇంటి పడవ అప్పజెప్పం బాబూ."

"వార్నిష్ పాడైపోతుంది!" అంటూ జగదీశ్వరరావు వాచీ చూసుకున్నాడు.

"ఒక్క నిముషం."

దమయంతి ఓడ ముక్కుకి పసుపు రాసి కొబ్బరికాయ కొట్టింది. ఢిల్లీబాబు తలుపులన్నీ మూసి, ఊరి పక్కన మోకాలిలోతు ఉప్పుటేటిలో ఓడని దింపాడు. అది ఎడమకి ఒరిగింది. కడుపులో గుళ్లు సర్దుకున్నాయి. నిటారుగా నిలబడింది. గాలికి చీరముక్క పొంగి, మూరెడు దూరం తనంతట తనే వెళ్లింది.

జగదీశ్వరరావు వాచీ చూడడం మానేశాడు. ప్యాంటు మడిచి నీళ్లలోకి దిగి, ఆశగా ఒక తలుపు తెరిచాడు. ఫిరంగి మూతి బయటికి లాగుతుండగా ఏరు సముద్రంలో కలిసే మొగ వైపు నుంచి చిన్న అల లేచింది.

"మూసెయ్, మూసెయ్!" అని అరుస్తూ తనే తలుపు నొక్కిపట్టాడు. అల దాటేదాకా వేలు తియ్యలేదు.

"అద్దాల పెట్టిలో ఎందుకు మునుగుద్ది సారూ?" అన్నాడు ఢిల్లీబాబు.

ఆయనకు కోపం రాలేదు. ఓడని రెండు చేతులా ఎత్తి, పసిపిల్లలా గుండెకానించుకుని ఒడ్డుకొచ్చాడు. ఆరాక పలకల మీద తెల్లగా ఉప్పుచార తేలింది.

"ఇది తుడవాలా పోలారావ్?"

"మీ ఇట్టం బాబూ," అన్నాడు పోలారావు. అప్పటికే ఇసకలో కూలబడ్డాడు. లేవడానికి ఇద్దరు పట్టుకోవలసివచ్చింది.

ఆ శుక్రవారం ఆటో కాశీబుగ్గ వీధిలోంచే స్టేషనుకు వెళ్లింది. జగదీశ్వరరావు ఇంటి ముందు చెప్పులు కుప్పగా ఉన్నాయి.

"దిగి సూసొద్దామా బావా? ఉప్పుచార ఉందో లేదో?"

పోలారావు కళ్లు తెరవకుండానే అన్నాడు.

"రైలుకి టైమైపోద్ది, పద. అదెక్కడికీ ఎల్లదు గదా."