అమ్మ పేరు కొట్టించిన దబర

బీరు కాచుకోవడానికి గిన్నె కొనడమంత చిరాకు పని నా జన్మలో ఇంకొకటి చేయలేదు. బోగోలు దగ్గర రొయ్య పిల్లల హేచరీలో, ల్యాబులో ఉద్యోగం నాది. నీళ్లలో ఉప్పెంత, వేడెంత అని రోజంతా కొలుస్తుంటాను. అంతకుముందు బెంగళూరులో ఉన్నప్పుడు నా గదిలో ఉండే స్నేహితురాలు బార్లీ మొలకల పిండి ఉడికించి, ఈస్టు వేసి పులియబెట్టి ఇంట్లోనే బీరు చేసేది. ఆ రుచి నన్ను వదల్లేదు. ఇక్కడేమో వైన్ షాపు ముందు ఆడమనిషి నిలబడితే చాలు, బజారు బజారంతా పని మానేసి చూస్తుంది. ఆ మొహాలు చూడడం కంటే ఇంట్లో కాచుకోవడమే నయమనుకున్నాను.

అడ్డమల్లా అమ్మే. సారా తాగి తాగి నాన్న పోయినప్పుడు నాకు ఎనిమిదేళ్లు. అంతకు ముందే అమ్మ మా పాలెం ఆడవాళ్లను వెంటబెట్టుకుని, రోకలి భుజాన వేసుకుని వెళ్లి సారా కుండలు పగలగొట్టి వచ్చింది. ఇప్పుడు నా దగ్గరే ఉంటోంది. నాకు తోడు ఆమె తప్ప ఎవరూ లేరు. బీరు సంగతి తెలిస్తే మూట కట్టుకుని చిల్లకూరులో మా పిన్ని ఇంటికి పోతుంది, మళ్లీ గడప తొక్కదు. అది తెలిసి కూడా కావలి బజారుకు వెళ్లాను. ఆమె ఊరెళ్లినప్పుడు కాచుకుంటే ఎవరికి తెలుస్తుందిలే అని నా ధీమా.

ఫోనులో బీరు కాచే వీడియోలు చూస్తే ఒళ్లు మండేది. కుళాయి, థర్మామీటరు బిగించిన కెటిల్ పక్కన నిలబడి ఒక్కొక్కడూ నవ్వుతుంటాడు. నా జీతానికి అది అందేది కాదు. నాకు కావలసింది నాకు తెలుసు. పది లీటర్లు కాచాలంటే పదిహేను లీటర్లు పట్టే దబర గిన్నె ఉండాలి, లేకపోతే నురగ పొంగి పొయ్యి పాలవుతుంది. అడుగు మందంగా ఉండాలి, లేకపోతే పిండి మాడుతుంది. సత్తుది కాదు, స్టీలుదే కావాలి.

"ఎంతమందికమ్మా? సాంబారుకా, పులుసుకా?" అన్నాడు కొట్టాయన.

"మందితో నీకేం పని? పదిహేను లీటర్లు పట్టాల."

"సారు రాలేదా అమ్మా?"

"ఆ సారు ఇంకా పుట్టలేదు. నువ్వు దబర చూపించు."

ఒక స్టీలుది తెచ్చాడు. అడుగున బొటనవేలితో నొక్కితే లోపలికి పోయింది. "ఇది గిన్నెనా, అప్పడమా?" అన్నాను. ఇంకొకటి తెచ్చాడు. పదిహేను అన్నాడు. లీటరు చెంబు అడిగి కొట్టు ముందే నీళ్లు పోసి కొలిచాను. పదమూడుకే పొర్లింది. "ఇట్ట కొలిచి కొనేవాళ్లను నేను యాడా చూడలేదు" అని గొణిగాడు. ఇప్పుడు చూడు అన్నాను. చివరికి అడుగు వరసలో, అంచు దగ్గర నొక్కుపడిన మందపాటి దబర ఒకటి కనిపించింది. నొక్కు ఉంది కాబట్టి ధర తగ్గించాడు. నొక్కుంటే నాకేం, ఉడకదా? తీసుకున్నాను.

మూత వదులుగా ఉందని కొట్టాయనతో పోట్లాడుతుంటే, మూల కూర్చుని గిన్నెల మీద పేర్లు చెక్కే ముసలాయన "పేరేం కొట్టమంటావమ్మా?" అని అడిగాడు. తల తిప్పకుండానే అమ్మ పేరు చెప్పాను. మా ఇంట్లో ఏ గిన్నె మీదైనా ఆమె పేరే. నాన్న తాగుడికి అమ్మేసినవి పోగా, మళ్లీ ఒక్కొక్కటీ చేపల బుట్ట మోసి ఆమే కొన్నది. మిషను బర్రుమన్నాక గాని నేనేం చేశానో నాకు తెలిసిరాలేదు. మార్చమంటే, పేరు కొట్టినాక తీసుకోము పొమ్మన్నాడు కొట్టాయన. ఇంకొకటి కొనే స్తోమత నాకు లేదు.

స్కూటీ దిగేసరికి అమ్మ వాకిట్లోనే ఉంది. దాచే వీలు లేకపోయింది. ఎప్పుడో పెద్దవాళ్ల రాత్రి బడిలో నేర్చుకున్న చదువుతో, అక్షరం మీద వేలు పెట్టి కూడబలుక్కుంటూ చదివింది.

"నా పేరేయించినావే! మనిద్దరికి ఇంత పెద్దదెందుకే, పిచ్చిదానా?"

వడియాల పిండికని అబద్ధం నోటిదాకా వచ్చింది. ఆమె కొంగుతో ఆ పేరు తుడుస్తోంది. నా వల్ల కాలేదు. "బీరు కాచుకోవడానికి" అన్నాను.

దబర కింద పెట్టేసింది. "నా ఇంట్లో సారా కాస్తావా?"

"సారా కాదు, బీరు. నా సంపాదన, నా గిన్నె."

"పేరు నాది."

"నాయన మీద కోపం నా మీద చూపించబాక. నువ్వు కుండలు పగలగొట్టినందుకు ఆయనేమన్నా బతికినాడా?"

అనకూడని మాట. అని తీరాలనే అన్నాను. అమ్మ దబరను నా ముందుకు జరిపింది.

"కాచుకో" అంది. "మీ నాయన చాటుగా తాగి వచ్చేవాడు. నువ్వు నా ఎదురుగా తాగు, నేను చూస్తా. నీలో ఆ మనిషి కనబడినాడంటే, ఆ పూటే చిల్లకూరు బస్సెక్కుతా."

అలాగే చూడు అనుకుని ఆ వారమే కాచాను. నురగ పొంగలేదు, అడుగు అంటలేదు. మూడు వారాల తర్వాత, ఆదివారం మధ్యాహ్నం అన్నాలయ్యాక స్టీలు గ్లాసులో పోసుకుని ఆమె ఎదురుగా కూర్చున్నాను. అమ్మ గోడకు ఆనుకుని రెప్ప వేయకుండా చూస్తోంది. కసిగా, గుక్క గుక్కకూ ఆగి తాగాను. చేదు బాగా కుదిరింది.

"చూసినావా? ఏమన్నా మారినానా?"

"తాగు. మాట్లాడబాక."

సగం గ్లాసు అయింది. నా మాట తడబడలేదు, తల తిరగలేదు. గెలిచాననుకున్నాను. ఈగ ఒకటి వచ్చి గ్లాసు అంచున వాలింది. దాన్ని కొడదామని చటుక్కున చెయ్యెత్తాను.

అమ్మ కళ్లు గట్టిగా మూసుకుని, రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకుంది.