మూడు కిలోల ఇసుక

కెమెరా మేస్త్రి వేళ్ళు గుడ్డసంచీ మూతి బిగించి కడుతున్నాయి. లోపల మూడు కిలోల ఇసుక. అతని అక్క మనసుపడ్డ పెద్ద లెన్సూ కెమెరా కలిపితే అంతే బరువు. మేస్త్రి రిపేరు పని తనంతట తానే నేర్చుకున్న మనిషి. పిట్టల ఫొటోలకని ఎవరొచ్చినా ఈ సంచీ ఎత్తించనిదే లెన్సుల బీరువా తెరవడు.

"కంటిదాకా ఎత్తు. ఆ కుళాయిలోంచి నూరు చుక్కలు పడేదాకా దించకు."

"లెన్సు అడిగితే ఇసుక మోయిస్తావేంట్రా?" అంటూనే ఎత్తింది అక్క. ఆమె బస్సు డ్రైవరు. నిరుడు ఎడమ మణికట్టు విరిగింది. ముప్పై చుక్కలకే సంచీ వణికింది.

తెల్లారేసరికి ఆమె ఊరవతల మడుగు దగ్గరుండాలి. వలసపోతూ రెండు రోజులే అక్కడ ఆగే ఎర్రముక్కు పిట్టను మూడేళ్ళుగా ఆమె ఒక్కతే చూస్తోంది. పిట్టల సంఘంవాళ్ళు ఫొటో ఏదంటారు, లేదంటే నవ్వుతారు. రేపు తప్పితే మళ్ళీ ఏడాదికే.

మేస్త్రి ఆ బరువులో సగమున్న పాత లెన్సు తీశాడు.

"దీంతో పిట్ట చిన్నగా పడుతుందిరా."

"చెయ్యి వణికితే పెద్ద పిట్టయినా మసకే. చిన్నదైనా స్పష్టంగా పడనీ."

అద్దం తుడిచాడు. కెమెరాకు బిగించి, పదడుగుల దూరంలో గోడకున్న గీతల అట్ట మీద ఫోకస్ సరిచేశాడు. ప్రతి గీతా వెంట్రుకంత సన్నగా తేలింది.

"నీ అట్ట ఎగరదుగా!" అంది అక్క.

ముప్పై ఏళ్ళుగా అతని లెన్సులన్నీ ఆ అట్టనే చూశాయి. మాట గుచ్చుకుంది. కెమెరా పట్టుకుని విసవిసా మేడ ఎక్కాడు. వెనకే అక్క. పక్కింటి నీళ్ళట్యాంకు మీద గద్ద కూర్చునుంది. ఫొటో తీసి, తెర మీద పెద్దది చేసి చూస్తే గద్ద కన్ను మసక, దాని వెనకున్న గొట్టం బోల్టు తళతళ.

మేస్త్రి నాలుక కరుచుకున్నాడు. "దగ్గరకి సరిచేస్తే దూరానికి తప్పిందక్కా."

కెమెరాను పిట్టగోడకు ఆనించి, ఫోకస్ సవరణను ఒక్కో అంకె చొప్పున జరుపుతూ, తీస్తూ, చూస్తూ పోయాడు. ఏడోసారికి కన్ను తేరుకుంది.

అప్పుడే గద్ద లేచింది. కెమెరాతో దాని వెంటే తిరిగాడు. రెక్క కొసన ఈకలు చేతివేళ్ళలా విడిపోయి ఉన్నాయి. గాలి మారినప్పుడల్లా ఒక్కొక్కటీ వేరుగా వంగుతోంది. మర లేదు, స్ప్రింగు లేదు, ఏ మేస్త్రీ ముట్టుకోలేదు. గద్ద తల తిప్పి తిన్నగా అతనికేసి చూసింది.

"నొక్కావా?"

"ఏంటి?"

"బటన్‌రా!"

"మర్చిపోయానక్కా." కెమెరా దించి నిలబడిపోయాడు. "ఇన్నేళ్ళూ నేను అద్దాలు తుడిచింది వీటిని చూడ్డానికా?"

అక్క నవ్వి కెమెరా లాక్కుంది. గద్ద మరో చుట్టు తిరిగొచ్చేదాకా ఎత్తిన చెయ్యి దించలేదు. నొక్కింది. ఇద్దరూ తెర మీదికి వంగారు. కంట్లో చిన్న వెలుగుచుక్కతో సహా పడింది.

మేస్త్రి లెన్సుకు మూత పెట్టాడు. మెడపట్టీ ముడిని రెండుసార్లు గట్టిగా లాగి చూసి, కెమెరాను అక్క చేతుల్లో పెట్టాడు.