కాశమ్మ ఫైలులో దొరికినవి

దుర్గయ్యను గురించి జాలిగా రాయవలసిందిగా నన్నెవరూ కోరవద్దు. మా దఫ్తరులో అతని మీద జాలిపడినవారికి కొదువ లేదు. వారి జాలి వలన అతనికి గాని, కాశమ్మకు గాని వీసమెత్తు మేలు జరగలేదు. నేను ముప్పై ఒక్క సంవత్సరాలు నకలు గుమాస్తాగా పనిచేసినవాణ్ని. సర్కారు ఉత్తరాలను ఉన్నవి ఉన్నట్టు దింపి రాయడమే నా వృత్తి. ఈ మనిషిని కూడా అట్లే రాస్తాను.

దుర్గయ్య యాకుత్‌పురా స్టేషను వెనుక లైన్లలో పుట్టి పెరిగినాడు. తండ్రి రైలు పట్టాల మీద గ్యాంగ్‌మన్. ఇతడు పదకొండో తరగతి చదివి, 1971లో మా దఫ్తరులో గుమాస్తాగా చేరినాడు. అతని చేతిరాత ముచ్చటగా ఉండేది. కొట్టివేత లేకుండా నాలుగు పేజీలు రాయగలిగేవాడు. నేను విరమించిన తర్వాత నా కుర్చీకి ఇతడే తగినవాడని సూపరింటెండెంటుకు చెప్పినవాణ్ని నేనే. అంత తప్పు సిఫారసు నా ఉద్యోగకాలంలో మరొకటి చేయలేదు.

అతనికి రికార్డు గది అప్పగించినారు. దఫ్తరు వెనుక భాగంలో ఒక్క కిటికీ గల గది అది. లోపల అతడు తప్ప మరొకడు కూర్చునేవాడు కాడు. ఆ ఒంటరితనంలోనే అతనికి జాడ్యం పట్టింది. దఫ్తరుకు వచ్చే దారిలోని ఒక గల్లీలో, పాత పుస్తకాల దుకాణంవాడు బూతు పుస్తకాలను ఉర్దూ పత్రికలో చుట్టి అద్దెకిచ్చేవాడు. దుర్గయ్య మొదట వారానికొకటి తెచ్చుకున్నాడు. ఏడాది తిరిగేసరికి రోజుకొకటి లేకుంటే కుదురుగా కూర్చోలేని స్థితికి వచ్చినాడు. వాటిని పుస్తకాలనడం అక్షరానికే అవమానం. తరువాత విచారణ సందర్భంగా ఒక పేజీ నేను చదవవలసి వచ్చింది. పంక్తికి మూడు అచ్చుతప్పులు. అందులో ఆడమనిషికి పేరు లేదు, మాట లేదు, ఊరు లేదు. ఒంటి భాగాలున్నవి, మనిషి లేదు. దీని కోసం ఒక చదువుకున్నవాడు తన బుద్ధిని తాకట్టు పెట్టినాడు.

ఫలితం అందరికీ కనిపించింది. అతని కండ్లు గుంటలు పడినవి. రాతలో పంక్తులు ఎగిరిపోయేవి. ఒకే వాక్యాన్ని రెండుసార్లు రాసి తెచ్చేవాడు. ఊడ్చే చంద్రమ్మ రికార్డు గది గడప తొక్కడం మానుకున్నది. కారణమడిగితే, "గా సారు ఉన్నంతసేపు నేను లోపటికి పోను. మొఖం జూసి మాట్లాడడు, పైట జూసి మాట్లాడతడు" అన్నది. ఆ మాట విని నలుగురు గుమాస్తాలు ముసిముసిగా నవ్వినారు. అట్లా నవ్వినవారిలో ఒక్కడు కూడా దుర్గయ్యతో నోరు విప్పలేదు. నేనూ విప్పలేదని ఇక్కడ నమోదు చేయడం న్యాయం.

మా దఫ్తరు పద్ధతి ఒకటి చెప్పవలె. పని ముగిసిన ప్రతి ఫైలు మీద దాని ఆయుష్షు రాస్తారు. కొన్ని శాశ్వతంగా ఉంచవలసినవి, కొన్ని పదేండ్లకు చించవలసినవి, మరికొన్ని ఏడాదికే చించవలసినవి. ఆ తరువాత నవారు కట్టి, బస్తాలో వేసి, అటకకు ఎక్కిస్తారు. గడువు తీరినా చించేవారుండరు. ముగిసిన ఫైలును విప్పి చూసేవారు అసలే ఉండరు. దుర్గయ్య ఈ సత్యాన్ని తన తెలివిగా భావించినాడు. ఏడాది గడువు గల ఫైళ్లలో నుంచి కాగితాలు తీసి, ఆ అట్టల మధ్య తన పుస్తకాలు పెట్టి, మునుపటి ముడే వేసి, అదే బస్తాలో దాచినాడు. ఇంట్లో భార్య చూస్తుందని భయపడినవాడికి సర్కారు అటక భద్రంగా తోచింది.

1977 జూన్‌లో కాశమ్మ వచ్చింది. ఆమె మా వద్ద కావలి పనిచేస్తూ చనిపోయిన రాజన్న భార్య, జహనుమాలో ఉంటుంది. ఆమెకు పింఛను రావాలంటే రాజన్న మొదటి తొమ్మిదేండ్లు వేరొక శాఖలో చెరువు కావలి చేసినట్టు రుజువు కావలె. ఆ రుజువు అతని బదిలీ ఫైలులో ఉన్నది. ఎవడో మహానుభావుడు ఆ ఫైలుకు ఏడాది ఆయుష్షే రాసిపెట్టినాడు. ఆ రోజు దుర్గయ్య తపాలు పట్టుకొని బయటికి పోయినందున, రిజిస్టర్లకు అట్టలు కట్టే దఫ్తరీ ఖదీర్ వెళ్లి ఫైలు తెచ్చినాడు. సూపరింటెండెంటు బల్ల మీద, కాశమ్మ కండ్ల ముందర, ముడి విప్పినాడు.

"సాబ్, ఇది రాజన్న మిసిల్ కాదు" అని ఖదీర్ అట్ట మూయబోయినాడు.

కాశమ్మకు చదువు రాదు. పుస్తకం మీది బొమ్మకు చదువు అక్కరలేదు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకొని, "మా ఆయన కాయిదాలేవి సారూ?" అన్నది. "తొమ్మిదేండ్లు ఎండల వానల చెరువు కట్ట మీద కావలి గాసిండు. గా తొమ్మిదేండ్లు యాడికి వోయినయ్?"

దుర్గయ్య రాగానే అదే ప్రశ్న నేను అడిగినాను.

"గేటు కాడి పల్లీలాయనకు ఇచ్చిన, సార్" అన్నాడు తల వంచుకొని.

"ఏమి ఇచ్చినావు?"

"లోపటి కాయిదాలు. పొట్లాలకు."

ఖదీర్ అతని వైపు చూసి, "రాజన్న తొమ్మిదేండ్లు మనమే బుక్కినం భాయ్. నేను గూడ రోజూ తిన్న" అన్నాడు. ఈసారి ఎవరూ నవ్వలేదు.

బస్తాలన్నీ వెదకగా మొత్తం ఏడు పుస్తకాలు దొరికినవి. సూపరింటెండెంటు సమక్షంలో చించినట్టు రాసిన కాగితానికి నకలు తీసినది నేనే. ఏడు అని రాసినారు. నా కండ్లతో చూసినవి ఐదు. తక్కిన రెండు ఎవరి ఇంటికి పోయినవో నాకు తెలియదు. అడగడానికి నాకు అసహ్యం కలిగింది.

సూపరింటెండెంటు దుర్గయ్యను వెంటనే ఇంటికి పంపుతానన్నాడు. నేను అడ్డు చెప్పినాను. ఇంటికి పంపితే అక్కడ కూర్చొని అవే చదువుతాడు, కాశమ్మకు కాగితం రాదు. పోగొట్టినవాడే వెదికి తేవలె. చివరకు ఆరు నెలల గడువు ఇచ్చినారు. ఆలోగా తొమ్మిదేండ్ల రుజువు తెస్తే శిక్ష తగ్గుతుంది. తేకుంటే ఉద్యోగం పోతుంది, కాశమ్మ పింఛనూ పోతుంది.

దుర్గయ్య మొదట చేసినది, అటువంటివారందరూ చేసేదే. దేవుని ముందు ఒట్టు పెట్టుకున్నాడు. అది తొమ్మిది రోజులు నిలిచింది. రోడ్డు పక్కన గుడారం వేసుకొని "నరాల బలహీనత" బాగుచేస్తానని బోర్డు పెట్టినవాని వద్ద లేహ్యం తిన్నాడు, విరేచనాలు పట్టుకున్నవి. రోగం అమ్మేవాడొకడు, మందు అమ్మేవాడొకడు, ఇద్దరికీ గిరాకీ ఇతడే. నేను మందలించిన తర్వాత సర్కారు దవాఖానాకు పోయినాడు. అక్కడి ముసలి డాక్టరు మందు రాయలేదు. "నీ నరాలల్ల ఏ రోగం లేదయ్యా, అలవాటుల ఉన్నది. తలుపేసుకొని కూసునే అర్ర ఇడిసిపెట్టు. పెండ్లానికి నిజం జెప్పు. మల్ల తప్పినవనుకో, తెల్లారి మల్ల మొదలువెట్టు. గంతే" అన్నాడట.

భార్య నీలమ్మకు చెప్పడానికి అతనికి పదకొండు రోజులు పట్టింది. ఆమె ఏమన్నదో అతడే నాకు చెప్పినాడు. "గింతేనా? నేను ఇంకో ఆడమనిషి ఉన్నదనుకున్న. ఆడమనిషైతే కొట్లాడెదాన్ని. కాయితంతోని ఎట్ల కొట్లాడాలె? రెండేండ్లాయె, నన్ను జూసినప్పుడల్లా ఏదో తక్వైనట్టు జూస్తివి." ఆమె పుట్టింటికి పోలేదు, క్షమించినానని కూడా అనలేదు. మరునాడు యాకుత్‌పురాలోనే ఉండే ఖదీర్ ఇంటికి వెళ్లి, రోజూ పోయేటప్పుడు, వచ్చేటప్పుడు తన మగనిని వెంటబెట్టుకొని నడవమని చెప్పింది.

ఖదీర్ ఆ బాధ్యతను తన పద్ధతిలో నిర్వహించినాడు. "బహెన్ నాకు అప్పజెప్పింది. గా గల్లీ దిక్కు మెడ తిప్పినవంటే నీ మెడకే అట్ట గట్టి కుట్టేస్త" అని దఫ్తరు గేటు ముందరే చెప్పినాడు.

దుర్గయ్య బల్లను రికార్డు గదిలో నుంచి తీసి, హాలులో నా పక్కన వేయించినాను. మధ్యాహ్నం వరకు నా ముందర రాత, తరువాత ఖదీర్‌తో పాత శాఖల చుట్టూ తిరగడం. నాలుగో నెలలో ఒక శాఖ గోదాములో, చెదలు అంచులు తిన్న హాజరు పట్టీలు దొరికినవి. అందులో నెల నెలా రాజన్న వేలిముద్ర ఉన్నది. తొమ్మిదేండ్లంటే నూట ఎనిమిది నెలలు. ఒక్కొక్క నెలకూ నకలు తీసి, పోల్చి, అక్కడి అధికారి సంతకం చేయించవలె.

పని సగమైన తర్వాత ఒక ఉదయం అతడు నా బల్ల ముందర నిలబడినాడు. "నిన్న ఆదివారం, ఖదీర్ భాయ్ లేడు. గా దుకాన్‌కు పోయిన సార్. ఒకటి తెచ్చిన. సగం సదివి మోరీల పడేసిన."

"సగం చదివినందుకు బహుమానం కావలెనా?"

"వద్దు సార్. మీకు జెప్పాల్నని."

"నీలమ్మకు చెప్పినావా?"

"రాత్రే చెప్పిన."

"అయితే కూర్చో. మార్చి నెల నకలు మిగిలి ఉన్నది."

అతడు కండ్లు తుడుచుకున్నాడు. నేను కన్నీళ్లను రుజువుగా స్వీకరించే అలవాటు లేనివాణ్ని. మార్చి నెల తప్పు లేకుండా రాసినాడు, దానిని స్వీకరించినాను.

గడువుకు ఐదు రోజుల ముందు ఫైలు పైకి పోయింది. మరుసటి ఎండాకాలంలో మంజూరు వచ్చింది. కాశమ్మ వేలిముద్ర వేయడానికి వచ్చినప్పుడు, దుర్గయ్య ఇంకు దిమ్మె తెచ్చినాడు. చదువు రానివారి బొటనవేలును గుమాస్తా తన చేతితో పట్టి కాగితం మీద అద్దడం మా రివాజు. అతడు చేయి చాచినాడు. కాశమ్మ తన చేతిని కొంగు కిందికి తీసుకున్నది.

"నువ్వొద్దు. పెద్దసారు పట్టుకుంటడు."

ఏదో ఒక సంజాయిషీ చెబుతాడని నేను అతని వైపు చూసినాను. అతడు "సరే అమ్మా" అని దిమ్మెను నా బల్ల మీద పెట్టి, నాలుగడుగులు వెనక్కి పోయి నిలబడినాడు. ఆమె వేలును నేనే పట్టినాను. ముద్ర చక్కగా పడింది.

"తొమ్మిదేండ్లు అన్నీ వచ్చినయా సారూ?" అని ఆమె నన్ను అడిగింది.

"వచ్చినయమ్మా. ఒక్క నెల గూడ పోలే" అని గోడ దగ్గర నుంచి దుర్గయ్య చెప్పినాడు.

ఆమె అతని వైపు తిరగలేదు. తిరగవలసిన బాధ్యత ఆమె మీద లేదు. వేలికంటిన ఇంకును గోడకు రాసి, కాగితం మడిచి, బొడ్లో దోపుకొని వెళ్లిపోయింది.